గ్రిబ్ ఫైల్లో ఖాళీ గడులు: వాతావరణ సూచన గ్రిడ్‌ను పొరపాటు లేకుండా విప్పడం ఎలా?

వాతావరణ కేంద్రాలు తమ సూచనలను భూమి మీద గళ్లుగళ్లుగా పరిచిన బిందువుల విలువలుగా, అంటే గ్రిడ్‌గా, దాచి పంపే ఫైళ్లే గ్రిబ్ ఫైళ్లు. వాటిని చదివి కాకినాడ తీరం దగ్గర అలల ఎత్తు చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి కొన్నేళ్ల కిందట రాశాను. నడిసముద్రంలో 2.4 మీటర్లు చూపిస్తున్న అంకె ఒడ్డు దగ్గరి బిందువుకు వచ్చేసరికి 1.2 మీటర్లకు పడిపోయింది. ఒడ్డుకు చేరువైతే అల తగ్గుతుందిలే అనుకుని రెండు రోజులు దాన్ని నమ్మాను. మూడో రోజు గ్రిడ్‌ను గడిగడికీ విప్పి చూస్తే సంగతి బయటపడింది. ఆ చోటు చుట్టూ ఉన్న నాలుగు గ్రిడ్ బిందువుల్లో రెండు నేల మీద పడ్డాయి. అలల మోడల్‌కు నేల మీద విలువ ఉండదు. ఆ లేని విలువల చోట సున్నా పెట్టింది నేనే. 2.4, 2.4, 0, 0 కలిపి నాలుగుతో భాగిస్తే 1.2. ఆ సూచన ఎవరి చేతికీ చేరకముందే దిద్దుకున్నాను. అయినా, దాన్ని నమ్మి ఎవరైనా పడవ తీసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు.

ఖాళీ గడి అంటే సున్నా కాదు. అది ఒక సమాచారం. ‘ఇక్కడ చెప్పడానికి ఏమీ లేదు’ అని మోడల్ నడిపినవాళ్లు శ్రద్ధగా ఫైల్లో రాసి పంపిన మాట. మనకు వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ మాట ఎక్కడ రాసి ఉందో చూడకుండా నేరుగా విలువలు చదవడం వల్లే వస్తాయి. కాబట్టి కింద చెప్పే పనుల్లో సగం విలువలను ముట్టుకోకముందు చేయవలసినవి.

మీకు పైథాన్ కొద్దిగా వచ్చు, గ్రిబ్ ఫైలు ఒకటి చేతిలో ఉంది అనుకుని రాస్తున్నాను. ఆజ్ఞల పేర్లు, కీల (ఫైల్లోని ఒక్కో వివరాన్ని అడిగే మాటల) పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. కంప్యూటర్‌లో వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయాలి.

1. ముందు ఆ వింత అంకెను గుర్తుపట్టండి

తప్పు రెండు రకాలుగా కనిపిస్తుంది. ప్రోగ్రాం ఆగిపోయి, శ్రేణి (అర్రే) పరిమాణాలు కలవడం లేదని చెప్పడం ఒకటి. ప్రోగ్రాం హాయిగా నడిచిపోయి పటంలో అసంభవమైన అంకె వేయడం రెండోది. రెండో రకంలో ఆ అంకే మీకు దారి చూపిస్తుంది. ఒక్కొక్క సాధనం ఖాళీ గడి చోట ఒక్కొక్క గుర్తు సంఖ్యను పెడుతుంది. యూరప్ మధ్యశ్రేణి వాతావరణ సూచన కేంద్రం తయారుచేసిన ఈసీకోడ్స్, మీరు వేరేగా చెప్పకపోతే, 9999 పెడుతుంది. అమెరికాలో వాడుక ఎక్కువగా ఉన్న డబ్ల్యూగ్రిబ్2 అయితే 9.999 × 10²⁰. సీడీఓకు సొంత గుర్తు −9 × 10³³. పైథాన్ లైబ్రరీ ఎక్స్‌అర్రేతో కలిపి వాడే సీఎఫ్‌గ్రిబ్ కొత్త కూర్పుల్లో 3.4028 × 10³⁸ కనిపిస్తుంది. 32 బిట్ల దశాంశ సంఖ్యల్లో అదే అతి పెద్దది.

ఈ సంఖ్యలు ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తే పని తేలిక. చాలాసార్లు అవి ఏదో ఒక లెక్కలో నలిగి వేషం మార్చుకుని వస్తాయి. పటంలో 9725.85 కనిపిస్తే అది 9999 నుంచి 273.15 తీసేసిన ఫలితం, అంటే ఎవరో ఖాళీని కూడా కెల్విన్ నుంచి సెల్సియస్‌కు మార్చారన్నమాట. గాలి వేగం 35996.4 అని వస్తే సెకనుకు మీటర్లను గంటకు కిలోమీటర్లుగా మార్చడానికి 9999ను 3.6తో గుణించారు. 14140.7 వస్తే తూర్పు దిశ గాలి, ఉత్తర దిశ గాలి రెండూ 9999గా ఉండగా వాటి వర్గాలు కలిపి వర్గమూలం తీశారు. ఇలాంటి అంకెల చిన్న జాబితా ఒకటి రాసి పెట్టుకోండి. ఏ వరుసలో తప్పు జరిగిందో చాలాసార్లు ఆ అంకె చూడగానే తెలిసిపోతుంది.

2. ఫైలు పూర్తిగా దిగిందో లేదో చూడండి

ఇది అర నిమిషం పని. ప్రతి గ్రిబ్ సందేశం ఆంగ్లంలో గ్రిబ్ అనే నాలుగు అక్షరాలతో మొదలై 7777తో ముగుస్తుంది. ఎనిమిదో బైటు అది గ్రిబ్1 కూర్పా, గ్రిబ్2 కూర్పా చెబుతుంది. గ్రిబ్2లో 9 నుంచి 16వ బైటు వరకు సందేశం మొత్తం పొడవు ఉంటుంది. ఆ పొడవు ప్రకారం లెక్కపెట్టిన చోట చివరి నాలుగు అక్షరాలు 7777 కాకపోతే డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయింది. దాన్ని బాగుచేయాలని చూడకుండా మళ్లీ దించుకోండి. సూచిక ఫైలు చూసి కావలసిన బైట్లు మాత్రమే దించుకునేవారికి ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది.

గడి ఖాళీగా ఉండటం వేరు, క్షేత్రమే (ఉష్ణోగ్రత, వర్షపాతం లాంటి ఒక అంశపు గ్రిడ్ మొత్తం) ఫైల్లో లేకపోవడం వేరు. అమెరికా ప్రపంచవ్యాప్త మోడల్ అయిన జీఎఫ్ఎస్ సూచనలో సున్నా గంట ఫైల్లో మొత్తం వర్షపాతం అనే క్షేత్రం ఉండదు. సూచన అప్పుడే మొదలైంది, ఇంకా వాన కూడడానికి సమయమే గడవలేదు. అన్ని గంటల ఫైళ్లనూ ఒకే తీరుగా తెరిచే ప్రోగ్రాం అక్కడ ఆగిపోతే అది ఖాళీ గడి తప్పు కాదు. ఆ గంటను విడిగా చూసుకుంటే సరిపోతుంది.

3. ఈ క్షేత్రంలో ఖాళీలు ఉండాలా, వద్దా అని ఆలోచించండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతకు నేల మీద విలువ ఉండకూడదు. నేల తేమకు సముద్రం మీద ఉండకూడదు. మేఘాల అడుగు ఎత్తు అనే క్షేత్రంలో మేఘం లేని ప్రతిచోటా ఖాళీయే. యూరప్ కేంద్రం గత వాతావరణాన్ని తిరిగి లెక్కగట్టి ఇచ్చే ఈఆర్ఏ5 సమాచారంలో ఇది బాగా కనిపిస్తుంది. ప్రాంతీయ మోడళ్ల గ్రిడ్‌ను అక్షాంశ రేఖాంశాల చతురస్రంలోకి మార్చినప్పుడు మూలల్లో ఖాళీలు వస్తాయి.

ఎత్తుకు బదులు గాలి పీడనంతో గుర్తించే పీడన స్థాయిల విషయం మరీ ఆసక్తికరం. 850 హెక్టాపాస్కల్ స్థాయి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. టిబెట్ పీఠభూమి మీద ఆ స్థాయి నేల కింద పడుతుంది. 925 హెక్టాపాస్కల్ స్థాయి సుమారు 750 మీటర్లు. సన్నని గ్రిడ్ ఉన్న మోడల్‌లో అరకు లోయ ఎత్తు అంతకంటే ఎక్కువ. కొన్ని మోడళ్లు అక్కడ ఖాళీ పెడతాయి. జీఎఫ్ఎస్ లాంటివి పైనున్న విలువలను కిందికి పొడిగించి ఏదో ఒక అంకె ఇస్తాయి. అది తప్పు కాదు కానీ, ఆ అంకె నిజమైన గాలిది కాదని మీరు గుర్తుంచుకోవాలి.

రెండు మీటర్ల ఎత్తు ఉష్ణోగ్రతలోనో, సముద్రమట్ట పీడనంలోనో ఖాళీలు వస్తే మాత్రం అనుమానించండి. ప్రపంచమంతటికీ విలువ ఉండవలసిన క్షేత్రాలవి.

4. ఖాళీ ఎక్కడ రాసి ఉందో కనుక్కోండి

గ్రిబ్ ఫైల్లో ఖాళీని నమోదు చేయడానికి మూడు దారులున్నాయి. మీ ఫైలు ఏ దారి పట్టిందో తెలియకుండా ముందుకు వెళ్లవద్దు.

మొదటిది బిట్‌మ్యాప్. గ్రిబ్2 సందేశంలో ఆరో విభాగం దీనికే ఉంది. గ్రిడ్‌లోని ప్రతి బిందువుకు ఒక బిట్: 1 ఉంటే విలువ ఉంది, 0 ఉంటే లేదు. విలువ లేని బిందువులకు, విలువలు ఉండే ఏడో విభాగంలో ఏమీ రాయరు, చోటు మిగుల్చుకుంటారు. సొంతంగా డీకోడర్ (ఫైలును విప్పే ప్రోగ్రాం) రాసేవారు తప్పటడుగు వేసేది ఇక్కడే. జీఎఫ్ఎస్ పావు డిగ్రీ గ్రిడ్‌లో అడ్డంగా 1,440, నిలువుగా 721, మొత్తం 10,38,240 బిందువులు. అలల క్షేత్రం తీసుకుంటే ఏడో విభాగంలో నీటి మీద పడ్డ బిందువుల విలువలే ఉంటాయి. ఆ విలువలను వరుసగా గ్రిడ్‌లో నింపుకుంటూ పోతే మొదటి నేల బిందువు దగ్గరే వరుస జరిగిపోతుంది. ఆఫ్రికా దగ్గరి అల ఆస్ట్రేలియా దగ్గర కనిపిస్తుంది. చివరికి విలువలు అయిపోయి, గ్రిడ్ ఇంకా మిగిలి, పరిమాణాలు కలవలేదనే తప్పు వస్తుంది.

దిద్దుబాటు ఇలా. ముందు గ్రిడ్ మొత్తానికి సరిపోయే శ్రేణి ఒకటి తయారుచేసి దాన్నంతా నాన్‌తో నింపండి. నాన్ అంటే ‘సంఖ్య కానిది’ అని దశాంశ సంఖ్యల ప్రమాణంలోనే ఉన్న ప్రత్యేక గుర్తు. ఆపైన బిట్‌మ్యాప్‌ను మొదటి బిట్ నుంచి చదువుతూ రండి. 1 వచ్చినప్పుడల్లా విలువల వరుసలోంచి తరువాతిది తీసి ఆ చోట పెట్టండి. 0 వస్తే గ్రిడ్‌లో ఒక అడుగు ముందుకు వేయండి, విలువల వరుసలో మాత్రం కదలవద్దు. చివరికి విలువలు సరిగ్గా అయిపోవాలి, ఒక్కటీ మిగలకూడదు, ఒక్కటీ తక్కువ కాకూడదు.

ఆరో విభాగం పొడవును కూడా చేతితో సరిచూడవచ్చు. 10,38,240 బిట్లు అంటే 1,29,780 బైట్లు. దానికి ముందు ఆరు బైట్ల తల ఉంటుంది. కాబట్టి పొడవు 1,29,786 ఉండాలి. బిట్‌మ్యాప్ లేకపోతే ఆ విభాగం పొడవు ఉత్త 6.

ఆ ఆరో విభాగంలో ఆరో బైటు ఒక సూచిక. 0 అంటే బిట్‌మ్యాప్ ఇక్కడే ఉంది. 255 అంటే అసలు లేదు. 254 వచ్చినప్పుడు జాగ్రత్త: ఇదే సందేశంలో ఇంతకుముందు ఇచ్చిన బిట్‌మ్యాప్‌నే దీనికీ వాడుకోమని అర్థం. ఒకే సందేశంలో రెండు క్షేత్రాలు, ఉదాహరణకు గాలి రెండు దిశల భాగాలు, కలిపి పంపినప్పుడు ఇలా రావచ్చు. ప్రతి క్షేత్రాన్నీ విడివిడిగా విప్పే డీకోడర్ మొదటిదాని బిట్‌మ్యాప్‌ను మరిచిపోయి రెండోదాన్ని పాడుచేస్తుంది. ఒక సందేశం ముగిసేవరకు చివరగా చూసిన బిట్‌మ్యాప్‌ను దాచి ఉంచండి. పాత గ్రిబ్1 ఫైళ్లలో బిట్‌మ్యాప్ ఉందో లేదో మొదటి విభాగం ఎనిమిదో బైటులోని రెండో బిట్ చెబుతుంది.

ఇంకొక మూల ఉంది. విలువలన్నీ ఒకటే అయితే ఒక్కో విలువకు సున్నా బిట్లు కేటాయిస్తారు, ఏడో విభాగంలో ఏమీ ఉండదు. అప్పుడు కూడా బిట్‌మ్యాప్ ఉండవచ్చు. 1 ఉన్న చోట్ల ఆధార విలువ (ఆ ఒకే విలువ), 0 ఉన్న చోట్ల నాన్ పెట్టాలి. గ్రిడ్ అంతటా ఆధార విలువనే నింపేసే డీకోడర్లను చూశాను.

రెండో దారి సంక్లిష్ట ప్యాకింగ్ లోపల దాగి ఉంటుంది. ప్యాకింగ్ అంటే విలువలను తక్కువ బిట్లలోకి కుదించడం. ఐదో విభాగంలో ప్యాకింగ్ పద్ధతి సంఖ్య చూడండి. 0 అయితే సరళ ప్యాకింగ్. 2 అయితే సంక్లిష్ట ప్యాకింగ్, 3 అయితే దానికి తోడు పక్కపక్క విలువల తేడాలు తీసి దాచిన పద్ధతి. జీఎఫ్ఎస్‌లో ఈ మూడో పద్ధతి ఎక్కువ. 40 అంటే జేపెగ్2000, 42 అంటే యూరప్ కేంద్రం ఉచిత సమాచారంలో కనిపించే సీసీఎస్‌డీఎస్. దీన్ని విప్పే లైబ్రరీ లేకుండా ఈసీకోడ్స్‌ను కట్టుకుంటే డీకోడ్ మొదట్లోనే ఆగిపోతుంది. అది ఖాళీ గడి తప్పులా కనిపించినా కాదు.

2, 3 పద్ధతుల్లో ఐదో విభాగం 23వ బైటు ఖాళీల నిర్వహణ ఎలా జరిగిందో చెబుతుంది. 0 అంటే విలువల మధ్య ఖాళీలు లేవు. 1 అంటే ఒక రకం ఖాళీలున్నాయి. 2 అంటే రెండు రకాలు. ఇక్కడ బిట్‌మ్యాప్ సూచిక 255 ఉంటుంది, కోడ్ చేసిన విలువల సంఖ్య గ్రిడ్ బిందువుల సంఖ్యతో సమానంగా ఉంటుంది. పైకి అంతా నిండుగా కనిపిస్తుంది. ఖాళీలు మాత్రం లోపల ఉన్నాయి. బిట్‌మ్యాప్ లేదు కాబట్టి ఖాళీలు లేవు అనుకోవడం ఈ రంగంలో చాలా తరచుగా జరిగే పొరపాటు.

ఈ పద్ధతిలో విలువలను గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక వెడల్పు, ఒక ఆధార సంఖ్య ఇస్తారు. గుంపు వెడల్పు 5 బిట్లు అనుకోండి. ఐదూ ఒకట్లే అయితే, అంటే 31 వస్తే, అది విలువ కాదు, మొదటి రకం ఖాళీ. నిర్వహణ 2 అయితే దానికంటే ఒకటి తక్కువ, అంటే 30, రెండో రకం ఖాళీ. గుంపు వెడల్పు సున్నా అయితే గుంపు ఆధార సంఖ్యను చూడాలి. దాని బిట్లన్నీ ఒకట్లైతే గుంపు మొత్తం ఖాళీ. ఆధార సంఖ్యను కలపకముందే ఈ పరీక్ష చేయాలి. కలిపిన తరువాత ఆ గుర్తు పోతుంది, ఇక దాన్ని పట్టుకోలేరు.

మూడో పద్ధతిలో ఇంకా ఒక చిక్కు ఉంది. అక్కడ దాచినవి విలువలు కావు, తేడాలు. తేడాలను కూడుకుంటూ పోయి అసలు విలువలను తిరిగి పొందాలి. ఆ కూడికలో ఖాళీలు పాల్గొనకూడదు. ఖాళీలను పక్కకు తీసి, మిగిలిన వాటిని ఒకదాని వెంట ఒకటి పేర్చి, కూడిక పూర్తిచేసి, ఆపైన వాటిని వాటి వాటి చోట్లకు పంపాలి. మొదట్లో విడిగా ఇచ్చే ఒకటి రెండు ఆరంభ విలువలు కూడా మొదటి గ్రిడ్ బిందువులవి కావు, ఖాళీ కాని మొదటి బిందువులవి. ఇది తప్పితే ఒక ఖాళీ దగ్గర మొదలైన తేడా చివరి బిందువు దాకా పాకుతుంది. పటం మీద అడ్డ చారలు కనిపిస్తే నేను ముందు వెతికేది ఇక్కడే.

మూడో దారి అతి ప్రమాదకరం: ఫైలు తయారుచేసినవారు మామూలు విలువల మధ్యనే ఒక గుర్తు సంఖ్యను కలిపేస్తారు. అమెరికా ఎంఆర్ఎంఎస్ రాడార్ సమాచారంలో −99, −999 లాంటివి ఇలా వస్తాయి. డీకోడర్‌కు అది ఖాళీ అని తెలిసే అవకాశమే లేదు. ఆ సమాచారంతో వచ్చిన వివరణ పత్రం చదివి, మీరే ఆ సంఖ్యలను నాన్‌గా మార్చాలి.

మన దగ్గర భారత వాతావరణ శాఖ ఇచ్చే గ్రిడ్ సమాచారమూ ఈ కోవలోదే. అది గ్రిబ్ కాదు, ఉత్త సంఖ్యల ఫైలు. పావు డిగ్రీ వర్షపాతంలో 135 × 129 బిందువులు, ఖాళీకి −999. ఒక డిగ్రీ ఉష్ణోగ్రతలో 31 × 31 బిందువులు, ఖాళీకి 99.9. రెండోదాన్ని చూస్తే నాకు భయం. తెలంగాణలో ఏదో ఒక గడిలో నెలంతా 38 డిగ్రీలుంటే, 30 రోజుల్లో ఒక్క రోజు ఖాళీని 99.9గా లెక్కలో కలిపితే సగటు 40.06 అవుతుంది. మైదాన ప్రాంతాల్లో వడగాలుల లెక్క మొదలయ్యేది 40 డిగ్రీల దగ్గరే. ఎవరికీ అనుమానం రాని అంకె, పూర్తిగా తప్పు అంకె.

5. సాధనాలతో ఒకసారి లెక్క చూడండి

బైట్లను చేతితో చూడనవసరం లేదు. ఈసీకోడ్స్‌తో వచ్చే గ్రిబ్_గెట్ ఆజ్ఞకు నంబర్‌ఆఫ్‌డేటాపాయింట్స్, నంబర్‌ఆఫ్‌కోడెడ్‌వాల్యూస్, నంబర్‌ఆఫ్‌మిస్సింగ్, బిట్‌మ్యాప్‌ప్రెజెంట్ అనే నాలుగు కీలు ఇచ్చి అడగండి. డబ్ల్యూగ్రిబ్2లో స్టాట్స్ అనే ఎంపిక మొత్తం బిందువులు, నిర్వచించనివి, సగటు, కనిష్ఠం, గరిష్ఠం వరుసగా చెబుతుంది. ప్యాకింగ్ అనే ఎంపిక పద్ధతి పేరు చెబుతుంది. రెండు సాధనాలూ ఒకే ఖాళీల సంఖ్య చెబితే ఫైలు బాగుంది, తప్పు మీ ప్రోగ్రాంలో ఉంది. ఆ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. చివర్లో కావాలి.

6. విప్పకముందే గుర్తు సంఖ్యను మార్చండి

ఈసీకోడ్స్ వాడేవారు విలువలు అడగడానికి ముందు మిస్సింగ్‌వాల్యూ అనే కీని మీకు నచ్చిన సంఖ్యకు మార్చుకోవాలి. 9999 ఎందుకు పనికిరాదంటే, అది నిజమైన విలువ కూడా కావచ్చు. భూ విభవాన్ని (జియోపొటెన్షియల్: ఎత్తును గురుత్వ త్వరణంతో గుణించిన విలువ) సెకను వర్గానికి మీటరు వర్గాల్లో ఇస్తారు. 1,020 మీటర్ల ఎత్తున అది దాదాపు 10,000. అంటే 900 హెక్టాపాస్కల్ పరిసరాల్లో 9999 పూర్తిగా సహజమైన విలువ. దాన్ని ఖాళీ అనుకుని తీసేస్తే పటంలో అక్కడక్కడా చిన్న చిల్లులు పడతాయి, కారణం తెలియక రోజులు గడిచిపోతాయి. వాతావరణంలో ఎన్నడూ రాని పెద్ద సంఖ్య, 10³⁶ లాంటిది, ఎంచుకోండి.

విలువలు చేతికి రాగానే మొదటి పని వాటిని నాన్‌గా మార్చడం. ప్రమాణాల మార్పిడి, సగటు, గుణకారం, ఏదైనా దీని తరువాతే. ఇక్కడ సమానమా అని పోల్చవద్దు. 9.999 × 10²⁰ 32 బిట్లలో ఒక రకంగా, 64 బిట్లలో మరో రకంగా నిల్వ అవుతుంది. రెండూ తెర మీద ఒకేలా కనిపించినా సమానం కావు, పోలిక విఫలమై ఖాళీలన్నీ అలాగే మిగిలిపోతాయి. 10²⁰ కంటే పెద్దదా అని అడగండి. నాన్‌ను వెతకడానికి కూడా సమాన చిహ్నం పనిచేయదు, నాన్ తనకు తానే సమానం కాదు. దానికి ఉన్న ప్రత్యేక ప్రమేయాన్నే వాడాలి.

పైగ్రిబ్ అనే పైథాన్ లైబ్రరీ వాడేవారికి ముసుగు వేసిన శ్రేణి, అంటే ఖాళీ గడులను కప్పి ఉంచే శ్రేణి, వస్తుంది. దాన్ని మామూలు శ్రేణిగా మార్చే తొందరలో ముసుగు ఊడిపోయి లోపలి గుర్తు సంఖ్య బయటపడుతుంది. మార్చేటప్పుడు ఖాళీల చోట నాన్ నింపమని స్పష్టంగా చెప్పండి.

7. లెక్కల్లో ఖాళీని కాపాడండి

కూడిన వర్షపాతం నుంచి మూడు గంటల వాన తీయాలంటే రెండు వేర్వేరు గంటల క్షేత్రాల తేడా తీస్తాం. రెండింటిలోనూ ఒక గడి 9999గా ఉంటే తేడా సున్నా. ‘వాన లేదు’ అని తేల్చి చెప్పే సున్నా! మోడల్ ఆ మాట అనలేదు. నాన్ అయితే తేడా కూడా నాన్‌గానే ఉంటుంది, నిజం నిలుస్తుంది.

గ్రిడ్ బిందువుల మధ్య విలువ కట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత 302.1 కెల్విన్, అంటే దాదాపు 29 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. నాలుగు మూలల్లో ఒకటి నేల, దాని బరువు (ఫలితంలో దాని వాటా) ఒక్క శాతం, అక్కడ 9999 ఉంది. ఫలితం 399 కెల్విన్, 126 డిగ్రీలు. చూడగానే తప్పు తెలుస్తుంది. ఇప్పుడు అదే మూలలో సున్నా పెట్టి, బరువు మూడు శాతం అనుకోండి. ఫలితం 293 కెల్విన్, అంటే 20 డిగ్రీలు. బంగాళాఖాతంలో చల్లని నీటి పట్టీ ఒకటి కనిపించిందని ఎవరైనా సంతోషపడే అంకె. చేపల వేటకు అనువైన చోట్లను ఉపరితల ఉష్ణోగ్రతల తేడాలు చూసి కూడా గుర్తిస్తారు. హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ తీరప్రాంతాలకు అలాంటి సూచనలు ఇస్తుంది. లేని పట్టీని సృష్టించే సున్నా అసంభవమైన 9999 కంటే ఎంతో చెడ్డది.

సరైన పద్ధతి: ఖాళీ కాని మూలల విలువలను వాటి బరువులతో గుణించి కూడండి, వచ్చినదాన్ని ఆ మూలల బరువుల మొత్తంతోనే భాగించండి. కాకినాడ ఉదాహరణలో 2.4, 2.4 మాత్రమే మిగిలి ఫలితం 2.4 అవుతుంది. బరువుల మొత్తం సగం కంటే తక్కువైతే నేను విలువ కట్టను, నాన్‌గా వదిలేస్తాను. ఆ హద్దును మీ అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు కానీ హద్దు అంటూ ఒకటి ఉండాలి. పావు డిగ్రీ గ్రిడ్ అంటే బిందువుల మధ్య దాదాపు 28 కిలోమీటర్లు; ఎంతో దూరంలో ఉన్న నీటి బిందువు విలువను తెచ్చి తీరానికి అంటించడం సూచన అనిపించుకోదు.

సీడీఓలో ఖాళీలను పొరుగు విలువలతో నింపే ఆజ్ఞలున్నాయి. పటం అందంగా రావడానికి అవి పనికొస్తాయి. హెచ్చరికలు లెక్కించే వరుసలో వాటిని పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఖాళీని స్థిరాంకంగా మార్చే ఆజ్ఞ, స్థిరాంకాన్ని ఖాళీగా మార్చే ఆజ్ఞ పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, నడిపే ముందు రెండోసారి చదవండి.

వెబ్ పేజీకి పంపేటప్పుడు జేసన్ ప్రమాణంలో నాన్‌కు చోటు లేదు. దాన్ని నల్‌గా మార్చి పంపండి, తెర మీద ‘సమాచారం లేదు’ అని చూపించండి.

8. తిరిగి గ్రిబ్‌గా రాస్తుంటే

మీరు మార్చిన క్షేత్రాన్ని మళ్లీ గ్రిబ్‌లో దాచేటప్పుడు ముందుగా బిట్‌మ్యాప్‌ప్రెజెంట్ కీని 1 చేయాలి, మిస్సింగ్‌వాల్యూ కీని మీ గుర్తు సంఖ్యకు మార్చాలి, నాన్‌ల చోట అదే సంఖ్య పెట్టాలి, ఆ తరువాతే విలువలు ఇవ్వాలి. ఈ వరుస తప్పితే గుర్తు సంఖ్య నిజమైన విలువగా ప్యాక్ అవుతుంది.

దాని నష్టం ఖాళీ గడులతో ఆగదు. సరళ ప్యాకింగ్‌లో కనిష్ఠం నుంచి గరిష్ఠం వరకు ఉన్న దూరాన్ని సమానమైన మెట్లుగా కోస్తారు, మెట్టు ఎత్తు 2 యొక్క ఏదో ఒక ఘాతమే అయి ఉంటుంది. 250 నుంచి 320 కెల్విన్ వరకు ఉన్న ఉష్ణోగ్రతను 16 బిట్లలో దాస్తే మెట్టు 0.002 కెల్విన్. అందులో ఒక్క 9999 చేరితే మెట్టు 0.25 కెల్విన్‌కు పెరుగుతుంది. బాగున్న పది లక్షల గడులూ మొద్దుబారతాయి. ఉష్ణోగ్రత పటం మెట్లు మెట్లుగా కనిపిస్తే ఒకసారి గరిష్ఠ విలువ చూడండి.

9. సరిచూడండి

ఐదో మెట్టులో కాగితం మీద రాసుకున్న ఖాళీల సంఖ్య తీయండి. మీ శ్రేణిలో నాన్‌లు లెక్కపెట్టండి. రెండూ ఒక్కటి కూడా తేడా లేకుండా కలవాలి. తరువాత నాన్‌లను వదిలేసి కనిష్ఠం, గరిష్ఠం చూడండి. క్షేత్రం మొత్తం ఖాళీగా ఉండే సందర్భానికీ ప్రోగ్రాంలో దారి పెట్టండి, లేకపోతే విలువే లేని శ్రేణిలో కనిష్ఠం వెతుకుతూ ఆగిపోతుంది.

ఆపైన ఖాళీలను మాత్రమే నల్లగా, మిగతా అంతా తెల్లగా పటం గీయండి. అలల క్షేత్రమైతే ఆ నల్లటి ఆకారం ఖండాల ఆకారంలోనే ఉండాలి. భారతదేశం తలకిందులుగా కనిపిస్తే గ్రిడ్‌ను దక్షిణం నుంచి చదవవలసింది ఉత్తరం నుంచి చదివారు, లేదా దానికి వ్యతిరేకంగా. వాలుగా సాగి ఉంటే అడ్డం పొడవు తప్పుగా ఇచ్చారు. చివరగా మీకు బాగా తెలిసిన తీరం మీదికి పటాన్ని పెద్దది చేసి చూడండి. నేను ప్రతిసారీ చూసేది గోదావరి డెల్టా, పులికాట్ సరస్సు. ఆ రెండు చోట్లా నల్లటి గడుల అంచు తీరం గీతకు ఒక గడి కంటే ఎక్కువ దూరం జరిగి ఉంటే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లి, బిట్‌మ్యాప్ మొదటి బిట్ నుంచి మళ్లీ లెక్కపెడతాను.